పాత బుల్లెట్: గేర్‌బాక్స్ విప్పే ముందు చూడాల్సినవి

గేర్లు సరిగ్గా పడటం లేదు, బాక్సు దించాలి అంటూ షెడ్డుకొచ్చే పాత బుల్లెట్లలో చాలావాటికి బాక్సులో ఏ రోగమూ ఉండదు. క్లచ్ పూర్తిగా విడవకపోవడమో, ప్రైమరీ చైన్ వదులై కేసుకు కొట్టుకోవడమో, వెనక చైన్ ఒకచోట బిగుసుకుని ఇంకోచోట వేలాడటమో అసలు కారణం. ఆ గుంజుడంతా చివరికి కాలి కింద గేర్ రాడ్డు దగ్గరే తెలుస్తుంది కాబట్టి నింద బాక్సు మీద పడుతుంది. బాక్సు విప్పిన ప్రతిసారీ పాత బుష్షులు కదులుతాయి, గ్యాస్కెట్లు పోతాయి, డబ్బులూ పోతాయి. అందుకే వరస తప్పొద్దు. ముందు వెనక చైన్, తర్వాత క్లచ్ సెట్టింగు, ఆపైన ఎడమవైపు ప్రైమరీ కేసు, అన్నిటికంటే చివర గేర్‌బాక్సు.

ఇక్కడ చెప్పేది కుడికాలి గేర్ల 350 గురించి. కాస్ట్ ఐరన్ ఇంజిన్, నాలుగు గేర్లు, ఫస్ట్ పైకి, మిగతా మూడూ కిందికి. ఈ బండిలో ఇంజిన్ వేరు, గేర్‌బాక్సు వేరు. రెంటినీ కలిపే ప్రైమరీ చైనూ క్లచ్చూ ఎడమవైపు కేసులో ఉంటాయి. ఇంజిన్‌కొక ఆయిలు, ప్రైమరీ కేసుకొకటి, గేర్‌బాక్సుకొకటి, మొత్తం మూడు చోట్ల చూసుకోవాలి. ఇంజినూ గేర్లూ ఒకే కేసులో ఉండే తర్వాతి యూసీఈ బళ్లకు ఇందులో సగం వర్తించదు. స్ప్లెండర్, ఆర్‌ఎక్స్ 100 వాళ్లకు వెనక చైన్ భాగం వరకు పనికొస్తుంది.

మన చిత్తూరు, తిరుపతి ప్రాంతంలో ఈ బళ్లకు మూడు రకాల కష్టం. బంగారుపాళ్యం దాటాక మొగిలి ఘాట్, చంద్రగిరి దాటాక భాకరాపేట ఘాట్. ఇద్దరు కూర్చుని ఎక్కితే చైన్ మీదా క్లచ్ మీదా బరువు చాలాసేపు అలాగే ఉంటుంది. తిరుపతిలో లీలామహల్ సర్కిల్ లాంటి చోట క్లచ్ సగం పట్టుకుని అంగుళం అంగుళం కదలడం రెండోది. మూడోది మట్టి. పల్లెదారుల ఎర్రదుమ్ము చైన్ మీది ఆయిల్లో కలిసిందంటే ఉప్పుకాగితంలా అరగదీస్తుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానల్లో అదే దుమ్ము బురదై లింకుల్లోకి దూరుతుంది.

పానాలు, సామాను

పాత బుల్లెట్‌లో చాలా నట్లు అంగుళాల కొలతవి. మిల్లీమీటర్ల పానా దగ్గరదగ్గరగా పట్టినట్టే ఉండి మూలలు కొరికేస్తుంది. ఇంచీ పానాల సెట్టు లేకుండా మొదలుపెట్టకండి. అది కాక సన్న సందులు కొలిచే ఫీలర్ గేజి, స్టీలు స్కేలు, వెడల్పాటి ట్రే, డీజిలు, పాత పళ్లబ్రష్షు, నూలు గుడ్డలు కావాలి. ప్రైమరీ కవరు రబ్బరు సీలు కొత్తది ముందే తెచ్చిపెట్టుకోండి. పాతది బాగానే కనిపిస్తుంది కానీ ఒకసారి నొక్కుకుపోయాక మళ్లీ పట్టదు. ఆయిళ్లు రెండు రకాలు. ప్రైమరీకి 20డబ్ల్యూ50 అర లీటరు, గేర్‌బాక్సుకు 90 గ్రేడు గేర్ ఆయిలు.

వెనక చైన్

బండి సెంటర్ స్టాండు వేసి, న్యూట్రల్‌లో పెట్టి, చక్రం మెల్లగా తిప్పుతూ కింది చైన్ మధ్యలో వేలితో ఎత్తి చూడండి. అన్నిచోట్లా ఒకేలా ఆడదు. ఎక్కడ బాగా బిగుసుగా ఉందో అక్కడ సుద్దముక్కతో గుర్తు పెట్టి, అక్కడే కొలవండి. ఆట 25 నుంచి 30 మి.మీ. ఉండాలి. వదులుగా ఉన్నచోట కొలిచి బిగిస్తే, బిగుసు చోటు వచ్చినప్పుడల్లా చైన్ గేర్‌బాక్సు షాఫ్టును వెనక్కి లాగుతుంది. బేరింగు, బుష్షు పోయేది అక్కడే.

స్టాండు మీద చక్రం కిందికి వేలాడుతుంది. మనుషులు కూర్చున్నాక చక్రాన్ని పట్టుకున్న స్వింగ్‌ఆర్మ్ పైకొచ్చి చైన్ ఇంకాస్త బిగుస్తుంది. అందుకని సెట్ చేశాక ఇద్దర్ని కూర్చోబెట్టి మరోసారి చూడండి. అప్పుడు కూడా వేలికి 15, 20 మి.మీ. ఆడాలి. ఘాట్లో ఇద్దరితో తిరిగేవాళ్లు 30కి దగ్గరగా ఉంచుకుంటే మంచిది.

అరుగుదల కొలవడానికి చైన్‌ను ఒకవైపు గట్టిగా లాగి పట్టుకుని, 20 లింకుల పొడవు పిన్ను మధ్య నుంచి పిన్ను మధ్యకు స్కేలుతో చూడండి. బుల్లెట్ వెనక చైన్ పిచ్ (పిన్నుకూ పిన్నుకూ మధ్య దూరం) ఐదు బై ఎనిమిది అంగుళం, అంటే 15.875 మి.మీ. కొత్తదైతే 20 లింకులు 317.5 మి.మీ. వస్తాయి. 324 దగ్గరకు వచ్చిందంటే రెండు శాతం సాగింది, మార్చేయాలి. స్ప్లెండర్ లాంటి బళ్ల 428 చైన్‌కు పిచ్ 12.7. అక్కడ 254 మి.మీ. కొత్తది, 259 అయితే పని అయిపోయినట్టే.

చైన్ ఒక్కటే మార్చి పాత పళ్ల చక్రాల (స్ప్రాకెట్ల) మీద వేయడం డబ్బు దండగ. అరిగిన పళ్లు కొక్కేల్లా వంగి ఉంటాయి, కొత్త చైన్‌ను కొన్ని వేల కిలోమీటర్లలోనే అదే గతికి తెస్తాయి. కానీ బుల్లెట్‌తో ఒక తిప్పలుంది. వెనక 38 పళ్ల చక్రం బ్రేకు డ్రమ్ముతో కలిసి ఒకే పోత, ముందుది ప్రైమరీ కేసు వెనక దాక్కుని ఉంటుంది. ముందు స్ప్రాకెట్ మార్చాలంటే క్లచ్, లోపలి కేసు అన్నీ దించాల్సిందే. కాబట్టి క్లచ్ పని వచ్చిన రోజే దాన్నీ చూసుకోండి, రెండుసార్లు విప్పే పని తప్పుతుంది.

350లో ముందు పళ్లు 16 లేదా 17 ఉంటాయి. ప్రైమరీలో ఇంజిన్ వైపు 25, క్లచ్ వైపు 56 పళ్లు. 16 వేస్తే టాప్ గేర్లో మొత్తం నిష్పత్తి 5.32, 17 వేస్తే 5.01. బెంగళూరు హైవే మీద 17 హాయిగా ఉంటుంది. ఘాట్లలో, బరువుతో తిరిగేవాళ్లకు మాత్రం 16 ఉంటేనే క్లచ్ బతుకుతుంది. ఒక్క పన్నే కదా అనుకుంటారు కానీ ఎక్కుడులో థర్డ్‌కీ సెకండ్‌కీ తేడా అక్కడే తెలిసిపోతుంది.

బిగించే పద్ధతి: వెనక ఇరుసు నట్లు వదులు చేసి, రెండువైపులా ఉన్న నత్త ఆకారపు క్యాములను సమానంగా తిప్పాలి. ఎడమవైపు నాలుగో గాడిలో ఉంటే కుడివైపూ నాలుగో గాడే. ఒక గాడి తేడా ఉన్నా చక్రం వంకరై చైన్ పళ్ల పక్కలను కోస్తుంది. ఆ సంగతి పళ్ల ఒకవైపు మాత్రమే మెరుపు రావడంతో బయటపడుతుంది. చక్రం వెనక్కి జరిగితే బ్రేకు రాడ్డు లాగుకుని బ్రేకు పట్టేస్తుంది. చాలామంది మరిచిపోయేది ఇదే. చైన్ అయ్యాక బ్రేకు నట్టు మళ్లీ సరిచేసి, చక్రం తేలిగ్గా తిరుగుతుందో లేదో చూడండి. చైన్ లాకు క్లిప్పు మూసి ఉన్న కొస చైన్ కదిలే దిక్కుకు ఉండాలి, తెరిచిన కొస వెనక్కి.

డీజిల్లో తడిపిన బ్రష్షుతో రుద్ది, తుడిచి, ఆరాక 90 ఆయిలు లింకుల లోపలి వైపు చుక్కచుక్కగా వేయండి. అరగంట ఆగి పైనున్నదంతా తుడిచేయండి. పని చేసేది పిన్నుల మధ్య నిలిచిన ఆయిలే. పైన మిగిలింది దుమ్మును పట్టుకోవడానికి తప్ప ఎందుకూ పనికిరాదు. వాడేసిన ఇంజిన్ ఆయిలు వద్దు, అందులో ఇనుప రజనూ మసీ ఉంటాయి. పెట్రోలుతో కడగడమూ వద్దు. 500 కి.మీ.కు ఒకసారి, వానలో తడిస్తే ఆ సాయంత్రమే ఈ పని చేయాలి.

క్లచ్ సెట్టింగు

ఫస్ట్ గేర్ వేస్తే 'ఠంగు'మని చప్పుడొచ్చి బండి ముందుకు దూకుతోందా? ఆగి ఉన్నప్పుడు న్యూట్రల్ దొరకడం లేదా? క్లచ్ విడవడం లేదన్నమాట. అలాగే కొన్ని నెలలు తిప్పితే గేర్ల డాగులు (ఒక గేరును ఇంకోదానికి పట్టించే పక్క పళ్లు) నిజంగానే మొద్దుబారతాయి, అప్పుడు బాక్సు రోగం నిజమవుతుంది.

కేబులు చివర తిప్పి సరిచేయడంతోనే సరిపెట్టుకుంటారు చాలామంది. అసలు సెట్టింగు గేర్‌బాక్సు కుడి కవరు మీద చిన్న మూత కింద ఉంటుంది. మొదట హ్యాండిల్ దగ్గర కేబులు పూర్తిగా వదులు చేయండి. మూత తీసి, లాక్ నట్టు వదులు చేసి, మధ్య స్క్రూను మెల్లగా లోపలికి తిప్పండి. క్లచ్‌ను తోసి విడదీసే పుష్ రాడ్డుకు తగిలినట్టు వేళ్లకు తెలుస్తుంది. అక్కడి నుంచి అర చుట్టు వెనక్కి తిప్పి, స్క్రూ కదలకుండా పట్టుకుని లాక్ నట్టు బిగించండి. తర్వాత లీవరు దగ్గర 2, 3 మి.మీ. ఖాళీ ఉండేలా కేబులు సరిచేయండి. ఖాళీ అస్సలు లేకపోతే రాడ్డు ఎప్పుడూ ఒత్తుకునే ఉంటుంది. ప్లేట్లు జారతాయి, రాడ్డు కొస వేడెక్కి నీలంగా మారి, మెత్తబడి అరుగుతుంది. ఇక ఎన్నిసార్లు సెట్ చేసినా రెండో రోజుకే మళ్లీ వదులు. అలా అవుతోందంటే రాడ్డు బయటికి తీసి కొసలు చూడండి.

రాత్రంతా నిలిపిన బండికి ప్లేట్లు ఆయిలుతో అతుక్కుంటాయి. పొద్దున ఇగ్నిషన్ ఆఫ్‌లో ఉంచి, క్లచ్ పట్టి, రెండు మూడుసార్లు కిక్ కొట్టండి, విడిపోతాయి. ఆ తర్వాతే స్టార్ట్ చేయండి. ఈ ఒక్క అలవాటుతో ఫస్ట్ గేర్ చప్పుడు సగం తగ్గుతుంది.

ప్రైమరీ కేసు

సెట్టింగు సరిగా ఉన్నా విడవకపోతే, లేక మొగిలి ఘాట్లో ఇంజిన్ అరుస్తున్నా బండి ఎక్కకపోతే, కేసు తెరవాలి. ఎడమ ఫుట్‌రెస్టు విప్పండి. బ్రేకు పెడల్ కూడా ఈ బండికి ఎడమవైపే కాబట్టి, ఏ కోణంలో ఉందో గుర్తు పెట్టుకుని దాన్నీ తప్పించండి. కింద ట్రే పెట్టి, మధ్యలోని ఒకే ఒక్క పెద్ద నట్టు తీస్తే కవరు వస్తుంది. అతుక్కుపోతే అరచేత్తో చుట్టూ తట్టండి. స్క్రూడ్రైవర్ దూర్చి ఎత్తితే అంచు గీసుకుపోయి జన్మంతా కారుతుంది.

కారిన ఆయిలు ఎంతో కొలవండి. ఈ కేసులో పట్టేది సుమారు 420 మి.లీ. అంతకంటే బాగా ఎక్కువ వస్తే ఇంజిన్ ఆయిలు క్రాంకు సీలు దాటో, గేర్‌బాక్సు ఆయిలు పుష్ రాడ్డు రంధ్రం గుండానో ఇటు వస్తోందన్నమాట. తక్కువ వస్తే కవరు సీలు దగ్గరో, వెనకో కారుతోంది. ఇలా కారే బండికి మధ్య నట్టును ఇంకా ఇంకా బిగిస్తారు. కవరు మధ్యలో లోపలికి వంగి అంచులు పైకి లేస్తాయి, కారడం పెరుగుతుంది తప్ప తగ్గదు. అద్దం పలక మీద కవరును బోర్లా పెట్టి చూస్తే వంకర కనిపిస్తుంది.

ఇప్పుడు చైన్. ఇంజినుకూ బాక్సుకూ మధ్య దూరం మారదు కాబట్టి ప్రైమరీ చైన్ బిగువంతా కింద ఉన్న టెన్షనర్ పట్టీ మీదే ఆధారం. న్యూట్రల్‌లో కిక్ మెల్లగా నొక్కుతూ చైన్ తిప్పండి. పై చైన్ మధ్యలో అన్నిటికంటే బిగుసుగా ఉన్నచోట పావు అంగుళం, అంటే 6 మి.మీ. పైకి కిందికి ఆడాలి. లాక్ నట్టు వదులు చేసి టెన్షనర్ స్క్రూ తిప్పి అక్కడికి తెచ్చుకోండి. స్క్రూ చివరిదాకా వచ్చినా చైన్ వదులుగానే ఉంటే దాని ఆయుష్షు అయిపోయింది. ఇది రెండు వరసల చైన్, లాకు ఉండదు. మార్చాలంటే ఇంజిన్ స్ప్రాకెట్టూ క్లచ్చూ రెండూ కలిపి ఒకేసారి బయటికి లాగాలి. కరెంటు పుట్టించే ఆల్టర్నేటర్ స్టేటరూ (కదలని చుట్టు) రోటరూ (తిరిగే భాగం) ముందే తీయాలి. తిరిగి వేసేటప్పుడు వాటి మధ్య సందు చుట్టూతా ఎక్కడా 0.2 మి.మీ. తగ్గకుండా ఫీలర్‌తో చూడాలి. ఒకవైపు తగిలితే వేడికి తీగచుట్టు కాలిపోతుంది.

క్లచ్ స్ప్రింగుల స్క్రూలను ఒకదాన్నే పూర్తిగా విప్పకుండా, తలా రెండు చుట్లు తిప్పుతూ తీయండి. ప్లేట్లను తీసిన వరసలోనే గుడ్డ మీద పరచండి. స్టీలు ప్లేటును అద్దం మీద పెట్టి చుట్టూ ఫీలర్ దూర్చి చూడండి. వంగి ఉంటే మార్చాలి, సుత్తితో తిన్నగా చేయడం వద్దు. రాపిడి ప్లేటు అద్దంలా మెరుస్తుంటే ఉప్పుకాగితంతో లేతగా గరుకు చేయొచ్చు. నల్లగా కాలి వాసన వస్తుంటే పారేయండి. ఇక క్లచ్ డ్రమ్ము గాడులు. ప్లేటు చెవులు కొట్టుకుని కొట్టుకుని వాటిలో గుంటలు పడతాయి. క్లచ్ పట్టినప్పుడు ప్లేటు జరగబోయి ఆ గుంటలో ఇరుక్కుంటుంది. గేర్ పడకపోవడానికి ఇంతకన్నా మామూలు కారణం లేదు. గోటికి తగిలీ తగలనట్టుంటే ఆకురాయితో సాఫు చేయొచ్చు, అంతకంటే లోతైతే డ్రమ్ము మార్చాల్సిందే.

అన్నీ వేసి బిగించాక కవరు మూయొద్దు. ఒకరు క్లచ్ లీవరు పట్టుకోవాలి, మరొకరు కిక్ మెల్లగా నొక్కుతూ ప్రెషర్ ప్లేటునే చూడాలి. ప్లేటు తిరుగుతూ ఒక పక్క బయటికి, ఒక పక్క లోపలికి ఊగుతుంటే క్లచ్ ఎప్పటికీ పూర్తిగా విడవదు. లోపలికి కుంగే వైపు స్క్రూను పావు చుట్టు వదలండి, లేదా బయటికి వచ్చేవైపు పావు చుట్టు బిగించండి, మళ్లీ తిప్పి చూడండి. ఊగడం కంటికి ఆనకుండా పోయేదాకా ఇలాగే. స్క్రూలు గొట్టం మీద పూర్తిగా బిగుసుకునే రకమైతే ఈ సర్దుబాటు కుదరదు. అప్పుడు స్ప్రింగులన్నీ బల్లమీద నిలబెట్టి పొడవు పోల్చి చూడండి. ఒకటి పొట్టిదైనా సెట్టు మొత్తం మార్చండి.

కొత్త సీలు వేసి, కవరు మూసి, లెవెల్ బోల్టు నుంచి కారడం మొదలయ్యేదాకా ఆయిలు పోయండి. బైకు ఆయిలే వాడండి, డబ్బా మీద జేఏఎస్ఓ ఎంఏ అని ఉండాలి. కారు ఆయిలులో జారుడు కోసం కలిపే మందులుంటాయి, ప్లేట్లు అవి తాగితే క్లచ్ జారుతుంది.

చివరికి గేర్‌బాక్సు

ఈ బాక్సు పాత ఇంగ్లండు కంపెనీ ఆల్బియన్ తరహా. గేర్ల నిష్పత్తులు 2.78, 1.84, 1.36, 1.00. నాలుగో గేరు సూటిగా పోతుంది, అంటే బరువు కింది షాఫ్టు మీద పడదు. చప్పుడు ఎక్కడిదో పట్టుకోవడానికి దీన్ని మించిన పరీక్ష లేదు. ఒకటి, రెండు, మూడు గేర్లలో మూలిగి టాప్‌లో మాయమైతే కింది షాఫ్టు బుష్షులో, ఆ గేర్ల పళ్లో కారణం. టాప్‌లోనూ అదే మూలుగు ఉంటే మెయిన్ షాఫ్టు బేరింగులు చూడాలి. చప్పుడు గేరుతో కాక బండి వేగంతోనే మారుతుంటే మళ్లీ చైన్ దగ్గరకే వెళ్లండి. యాక్సిలరేటర్ వదిలి పట్టినప్పుడల్లా 'ధబ్'మని తన్నుతుంటే అది వెనక హబ్బులో కుదుపు తీసుకునే కుష్ రబ్బర్లు. చక్రం తీసి చూస్తే రబ్బర్లు పిండై ఉంటాయి.

గేర్ ఆయిలు విషయంలో ఒక్కో మెకానిక్కుది ఒక్కో మతం. ఈ బాక్సుకు స్ప్రాకెట్ వైపు ఆయిలు ఆపే ఏర్పాటు అంతంతమాత్రమే, పలచటి ఆయిలు పోస్తే అంతా నేల మీదికే. అందుకని కొందరు గట్టి ఛాసిస్ గ్రీజు కూరేస్తారు. గేర్లు తిరిగినంత మేర గ్రీజు పక్కకు జరిగి, సంగటి ముద్దలో పులుసుకు గుంట చేసినట్టు ఖాళీ అవుతుంది. గ్రీజు చుట్టూ గోడలా నిలబడుతుంది, పళ్లు పొడిగా తిరుగుతాయి. కారడం ఆగిందని సంతోషించేలోపు బుష్షులు పోతాయి. సరైన దారి 90 ఆయిలు. మరీ కారే బాక్సుకు అందులో మెత్తటి, జారే గ్రీజు కొంత కలిపి చిక్కబరచవచ్చు. గరిటతో తీసి వంచితే తేనెలా జారాలి, ముద్దగా నిలవకూడదు. లోపల కంచు బుష్షులున్నాయి కాబట్టి ఆయిలు జీఎల్-4 రకం చూసి కొనండి. జీఎల్-5లో గంధకం మందులు ఎక్కువ, కంచును తినగలవు.

మార్చేటప్పుడు ఐదారు కిలోమీటర్లు తిప్పి, వేడి మీద కింది డ్రెయిన్ బోల్టు తీసి, రాత్రంతా వదిలేయండి. కారినదాన్ని తెల్లగుడ్డ మీద పోసి ఎండలో చూడండి. బంగారు రంగు సన్న రజను మామూలే, అది బుష్షుల అరుగుదల. అయస్కాంతానికి అంటుకునే పెచ్చులు, గోరంత ముక్కలు వస్తే పన్నో డాగో విరిగింది, ఇక బండి నడపొద్దు. పోసేటప్పుడు కింది షాఫ్టు గేర్లు మునిగేంత చాలు. వైరు దించి చూసుకుంటూ ఆగి ఆగి పోయండి. నిండుగా పోస్తే పుష్ రాడ్డు రంధ్రం గుండా ప్రైమరీలోకి, క్లచ్ మీదికి చేరుతుంది.

గేర్లు ఒకవైపుకు బాగా పడి ఇంకోవైపుకు సగంలో ఆగుతుంటే, లేదా రెండో గేరు మీద బరువు పడగానే ఊడి న్యూట్రల్‌లోకి వస్తుంటే, బాక్సు దించే ముందు కుడి బయటి కవరు లోపల గేర్ స్టాప్ ప్లేటును చూడండి. రెండు నట్లు వదులు చేస్తే అది కాస్త అటూ ఇటూ జరుగుతుంది. పైకి వేసినా కిందికి నొక్కినా పెడల్ ప్రయాణం సమానంగా ఉండేచోట బిగించండి. పాత బుల్లెట్లో గేర్లు ఊడటం చాలావరకు ఇక్కడే ఆగిపోతుంది. సరిచేశాకా సెకండ్ ఊడుతుంటే డాగుల మూలలు గుండ్రమయ్యాయి, ఇప్పుడు బాక్సు విప్పడంలో అర్థం ఉంది. అరిగిన డాగు మీద వెల్డింగ్ పెట్టి ఆకురాయితో రుద్దే పనికి ఒప్పుకోవద్దు. గట్టిదనం పోయి త్వరలోనే మళ్లీ ఊడుతుంది. జత గేర్లు రెండూ కలిపి మార్చాలి. స్థానికంగా దొరకని సామానుకు పుత్తూరు, నగరి మీదుగా చెన్నైలో పాత బళ్ల సామాను దొరికే పుదుపేట దారి ఈ ప్రాంతం వాళ్లకు తెలిసిందే. పాత గేరు చేతిలో పట్టుకుని వెళ్లి, పళ్లు లెక్కపెట్టి, బుష్షు లోపలి కొలత పోల్చి కొనండి. నాలుగు గేర్లదీ ఐదు గేర్లదీ సామాను కలవదు.

అన్నీ అయ్యాక నేరుగా ఘాట్‌కు పోకుండా సమతల రోడ్డు మీద 50 కి.మీ. తిప్పండి. చల్లారాక ఇరుసు నట్లు, చైన్ ఆట, క్లచ్ ఖాళీ మళ్లీ చూడండి. కొత్త ప్లేట్లు కూర్చుకునే కొద్దీ లీవరు దగ్గర ఖాళీ తగ్గుతుంది, కొత్త చైన్ మొదటి 300 కి.మీ.లోనే ఎక్కువ సాగుతుంది. ప్రైమరీ లెవెల్ బోల్టు కూడా ఆ రోజే ఒకసారి వదిలి చూసి మూసేయండి.